చిన్నాన్న కాలు, నాన్న చేతులు

మా ఇంట్లో దేవుళ్లందరూ ముందు బనీనుతోనే ఉంటారు. పట్టుపంచెలు, కిరీటాలు, పొడుగు అంగీలు తర్వాతి సంగతి. కాన్వాసు మీద కుంచె పెట్టే ముందు బొమ్మలో ఉండబోయే ప్రతి మనిషినీ విడివిడిగా గోధుమరంగు కాగితం మీద బొగ్గుతో గీసుకోవడం నాకు అలవాటు. దానికి ఎవరో ఒకరు నా ఎదురుగా కూర్చోవాలి, నిలబడాలి, వంగాలి. ఒంటి బరువు ఏ కాలి మీద పడుతోంది, ఏ భుజం కిందికి దిగింది, మెడ ఎక్కడ మెలి తిరిగింది, ఇవన్నీ తెలిశాకే బట్టలు కడతాను. ఒళ్లు తెలియకుండా గీసిన దేవుడు క్యాలెండర్‌లో వేలాడతాడు గాని నేల మీద నిలబడడు. ఈ మాట బళ్లో చెబితే పిల్లలు నవ్వుతారు. నేను డ్రాయింగ్ టీచర్‌ని. నవ్వు నాకు అలవాటే.

రాయపూర్ దగ్గర ఈ స్టీలు ప్లాంటు ఊళ్లో, ఉతై రోడ్డులో, మన తెలుగువాళ్లు కట్టుకున్న గుడి ఒకటి ఉంది. దాని గోడ మీద రాముడి పాదాల దగ్గర మోకాలు ఆన్చి కూర్చున్న హనుమంతుణ్ణి నేనే వేశాను. ఆ హనుమంతుడు మా నాన్న, తోక ఒక్కటి తప్ప. నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఎడమ భుజం కింద అరచేయంత మచ్చ, కుడి భుజం కన్నా కాస్త కిందికి దిగిన ఎడమ భుజం, ఈ వయసులోనూ మోకాళ్ల మీద కూర్చోగలిగిన నడుము. అమ్మ పోయినప్పటి నుంచీ సెక్టర్ టూలోని మా క్వార్టర్‌లోనే, మాతో ఉంటున్నాడు. నా బొమ్మలకి కూర్చోమంటే ఎందుకని అడగడు. చొక్కా విప్పి మడిచి పెట్టి, “సెప్పు, ఎలగ కూకోవాలి?” అంటాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి ఒక్కసారి మాత్రం కుదరదన్నాడు. ఆ సంగతే ఇది.

హైవే మీద పక్క ఊరు కుమ్హారిలో తెలుగువాళ్ల చర్చి ఒకటి ఉంది. రైల్వేలో పనిచేసిన ఆంధ్రా కుటుంబాలవాళ్లది. చర్చి పక్కన కొత్తగా హాలు కట్టారు. దాని గోడకి పెద్ద బొమ్మ కావాలని పాస్టరుగారు నాకు ఫోన్ చేశారు. యేసు తన శిష్యుల పాదాలు కడిగే ఘట్టం. నా పేరు ఆయనకి చెప్పింది మా పిన్ని. అంటే మా నాన్న సొంత తమ్ముడి భార్య. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఏముందో తర్వాత చెబుతాను. నేను మాత్రం వెంటనే ఒప్పుకున్నాను. నాన్నకి చెబితే, “నీ పని నీది,” అని పేపరు మడత విప్పుకున్నాడు.

శిష్యుల కోసం నేను దూరం వెళ్లలేదు. సెక్టర్ టూ మార్కెట్ దగ్గర బెంచీల మీద పొద్దున్నే రిటైరైనవాళ్లు చేరతారు. ప్లాంటు సైరన్ వినపడితే ఇప్పటికీ వాచీ చూసుకునే మనుషులు. సంగతి చెప్పగానే పోటీ పడ్డారు.

“క్రిస్టియన్ల బొమ్మయితే ఏటమ్మా, కూకోడమే కదా,” అన్నాడు ఒక పెద్దాయన. ఒకప్పుడు క్రేన్ నడిపేవాడు. మరుక్షణం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “గాని ఆ పట్టించీసినోడు మాత్రం నేను కాదు గదా? మా కోడలు సూసిందంటే బాగోదు,” అన్నాడు.

అందరి భయమూ అదే. చివరికి ప్రభువుని పట్టించిన ఆ శిష్యుడి పాత్రకి మా ఆయన మొహం కనపడకుండా వీపు తిప్పి కూర్చున్నాడు. లుంగీలు, బనీన్లు, ఒకాయన చెవిలో వినికిడి మిషను. అయినా చెబుతున్నాను, అంత మంచి శిష్యులు ఎవరికీ దొరికి ఉండరు. ఏళ్ల తరబడి మంటని చూసి చూసి చిన్నవైపోయిన కళ్లు. మాట అక్కర్లేకుండా ఒకరి పక్కన ఒకరు కూర్చోగల అలవాటు. షిఫ్టు దిగి క్యాంటీన్ బల్ల చుట్టూ చేరినట్టు కూర్చున్నారు. నేను ఇంక ఏమీ సర్దక్కర్లేకపోయింది.

పని ఆగిపోయింది అసలు చోట. ఒకడు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకడు మోకాళ్ల మీద ఉండి అతని పాదం పట్టుకోవాలి. బొమ్మంతా ఆ రెండు చేతుల్లో, ఆ ఒక్క పాదంలో ఉంది. ఎవరిని కూర్చోబెట్టినా అదే తంతు. కింద మనిషి వంగి పాదం పట్టుకోగానే పైన మనిషి కాలు వెనక్కి లాగేసుకునేవాడు. “తప్పు తప్పు,” అంటూ వంగి ఎదుటివాడి భుజం తాకి కళ్లకద్దుకునేవాడు. బస్సులో పొరపాటున కాలు తగిలితే మనం చేసే పనే. ఆ అలవాటు బుద్ధిలో లేదు, ఒంట్లో ఉంది. బతిమాలితే పోయేది కాదు. కొందరు పళ్లు బిగించి కాసేపు ఆగారు గాని వేళ్లు ముడుచుకుపోయేవి, మడమ కుర్చీ కిందికి జరిగిపోయేది. సాయంత్రం కాగితాలన్నీ పరుచుకుని చూస్తే అన్నీ పారిపోతున్న పాదాలే.

నాకు కోపం ఆగలేదు. “చెక్కపీట మీద కాలు పెట్టుకున్నాననుకోండి మావయ్యా!” అని క్రేన్ పెద్దాయన మీద అరిచాను.

“పీట లెగిసి నాకు దణ్ణం పెట్టదు కదమ్మా,” అన్నాడు ఆయన, పాపం, నిజంగా బాధపడుతూ.

ఆ వారమే పిన్ని ఫోన్ చేసింది. నా గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, “మీ సిన్నాన్న కాలుందిగా,” అంది. “ఎవులు పట్టుకున్నా లాక్కోడు. తెలిస్తే కదా లాక్కోడానికి.”

ఆ మాట మామూలుగానే అంది. 

చిన్నాన్నకి చాలా ఏళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలు ఇంతకు ముందే తీసేశారు. ఇప్పుడు అరికాల్లో పుండు పడింది, ఎన్ని డ్రెస్సింగులు చేసినా మానడం లేదు. పిక్క సగం నుంచి కిందికి స్పర్శ పోయింది. చెప్పు ఊడిపోయినా తెలియదు, వెనక్కి చూసుకుంటే గాని. రాయపూర్‌లో డాక్టరు ఇక లాభం లేదని, మోకాలి కింద తీసేయాలని చెప్పాడు. ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చేశాడు, వచ్చే వారం.

ఇప్పుడు రెండిళ్ల మధ్య ఉన్నదేమిటో చెప్పాలి. నాన్న శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి ప్లాంటులో చేరాక తమ్ముణ్ణి చేయి పట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. వండి పెట్టాడు, చదివించాడు. చిన్నాన్నకి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. రైల్వే కాలనీలోనే ఒక క్రిస్టియన్ అమ్మాయిని ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని, చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. నాన్న ఆ పెళ్లికి వెళ్లలేదు. అయినా మాటలు పోలేదు. మాటలు పోయింది మా నాయనమ్మ చనిపోయినప్పుడు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను, ఊరికి వెళ్లాను, నా కళ్లతో చూశాను. పాడె మోసినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చింది చిన్నాన్నే. కాని పిండం పెట్టే రోజున చేతులు కట్టుకుని పక్కకి నిలబడ్డాడు. “నా ప్రార్థన నేను సేసుకుంతాను అన్నియ్యా,” అన్నాడు. నాన్న విస్తరి ముందు నుంచి లేచి, చుట్టాలందరూ వినేలా అన్నాడు: “అమ్మకి ముద్ద పెట్టనోడు నాకు తమ్ముడేటి? నాకు తమ్ముడు నేడు.”

అంతే. తమ్ముడు లేడన్న ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే పెళ్లికి వచ్చినా పందిరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఆడవాళ్లు మాత్రం వాళ్ల మాట వినలేదు. అమ్మ ఇక్కడి నుంచి ఆవకాయ పంపేది, పిన్ని అక్కడి నుంచి క్రిస్మస్ కేకు పంపేది. నాన్న కేకు తినేవాడు. ఎక్కడిదని అడిగేవాడు కాదు. అమ్మ పోయాక ఆ ఆవకాయ పని నా మీద పడింది.

కాగితాల చుట్ట తీసుకుని కుమ్హారి వెళ్లాను. చిన్నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు, కాలు స్టూలు మీద, పాదానికి తెల్లటి కట్టు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

“రెండు కాళ్లూ ఉండగా ఒకపాలి గీసీ అమ్మా,” అన్నాడు. “సర్చిలో ఉంటాయి.”

నేను పనిలో పడ్డాను. అదెంత మంచి పాదమో చెప్పలేను. ఎవరి భయమూ లేకుండా, ఎవరి మర్యాదా లేకుండా, స్టూలు మీద బరువుగా, పూర్తిగా ఆనుకుని ఉంది. నేను మడమ కింద చేయి పెట్టి కొంచెం పక్కకి తిప్పినా ఆయనకి తెలియలేదు, రోడ్డు మీద లారీల గురించి చెబుతూనే ఉన్నాడు.  గీతలు తిన్నగా రావడానికి మాటిమాటికీ బొగ్గు సన్నగా అరగదీసుకుంటూ కూర్చున్నాను.

తర్వాత, కింద కూర్చునే మనిషి ఎలా ఉంటాడో చూపిద్దామని, చుట్టలోంచి పాత హనుమంతుడి డ్రాయింగు తీసి విప్పాను. వెనక నుంచి గీసినది. మొహం కనపడదు. వీపు, వంగిన మెడ, నేలకి ఆనిన మోకాలు, అంతే. తోక అప్పటికి పెట్టలేదు.

చిన్నాన్న మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్లజోడు పైకి తోసుకుని దగ్గరికి లాక్కున్నాడు.

“ఇది అన్నియ్య ఈపు కదేటి,” అన్నాడు.

“అవును చిన్నాన్నా.”

“ఎడం భుజం సూడు. నన్ను ఎక్కించుకుని ఏరు దాటించీవోడు. ఆ భుజమ్మీదే కూకునీవోణ్ణి.” కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. “ఇదే పెట్టీ ప్రభువుకి. బాగుంటాది.”

“పెట్టొచ్చు గాని చేతులు కుదరవు. ఇక్కడ దణ్ణం పెడుతున్నాడు. నాకు కాలు పట్టుకున్న చేతులు కావాలి. నాన్ననే తీసుకురానా?”

పిన్ని కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. చిన్నాన్న కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు.

“రాడు. అడక్కు,” అన్నాడు. “నువ్వడిగి, ఆయన రానని, అది మళ్లీ నాకు తెలిసి, ఎందుకమ్మా ఇదంతా.”

రాడని, అడక్కని అన్నాడు గాని నాన్న రావద్దని అనలేదు. స్కూటీ మీద ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఆ తేడానే చెవిలో మోగింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నుంచీ బొమ్మ నాకు రెండో సంగతి అయిపోయింది. ఆ కాలు తీసేసేలోగా నాన్న ఒక్కసారి దాన్ని చూడాలి. నా బెంగంతా అదే.

మర్నాడు పొద్దున్నే టీ ఇచ్చి, చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. కాలు తీసేస్తారని, రోజు కూడా అనుకున్నారని, చర్చి బొమ్మలో తమ్ముడి కాలు పట్టుకునే చేతులు నీవి కావాలని. నాన్న గ్లాసు కింద పెట్టాడు.

“అది కుదర్దు.”

“చర్చి బొమ్మ అనా?”

“సర్చీ కాదు గుడీ కాదు. పెద్దోడు సిన్నోడి కాళ్లు పట్టుకోకూడదు. ఆడికి ఆయుస్సు తగ్గిపోద్ది. అసలే ఆడికి ఒంట్లో బాగోనేదు.”

 ఇన్నేళ్లలో ఆయన నోటి వెంట చిన్నాన్న ఊసు రావడం అదే మొదలు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు బయటికి వచ్చింది మాత్రం కోపమే.

“తమ్ముడే లేడన్నావు కదా నాన్నా. మరి ఎవరి ఆయుష్షు గురించి నీకు భయం?”

నాన్న గ్లాసు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి, కుళాయి తిప్పి, కడిగిందే కడుగుతూ నిలబడ్డాడు. నేను బడికి వెళ్లిపోయాను. ఆ రోజంతా పిల్లల మీద విసుక్కున్నాను. అంత మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన అన్నాడు. అనాల్సిందేనని నేను. ఇంట్లో రోజులు భారంగా గడిచాయి. నాన్న తినేవాడు, పేపరు చదివేవాడు, నాతో మాత్రం ముక్తసరిగా అవునూ కాదూ.

ఆపరేషన్ దగ్గర పడింది. ఆదివారం పొద్దున వంటింటి వెనక గిన్నెలు కదిలిన చప్పుడైతే వెళ్లి చూశాను. నాన్న పీట వేసుకుని కూర్చుని చింతపండుతో ఇత్తడి పళ్లెం తోముతున్నాడు. అటక మీద ఉండాల్సిన పెద్ద పళ్లెం. నా పెళ్లిలో పెళ్లికొడుకు కాళ్లు కడిగిన పళ్లెం.

“ఏంటి నాన్నా?”

తల ఎత్తకుండా అన్నాడు: “నీ పెళ్లిలో మీ ఆయన కాళ్లు నేను కడిగేనా నేదా?”

“కడిగావు.”

“ఆడికేటైనా అయిపోనాదేటి? గుండ్రాయిలాగున్నాడు. అక్కడ పెద్దోడే కడుగుతాడు, సిన్నోడే కడిగించుకుంటాడు. ఈ పళ్లెంలో అయితే తప్పు నేదు.” పళ్లెం అంచు మీద ఒక మరక దగ్గర ఆగి గట్టిగా రుద్దాడు. “ఆడి పెళ్లికీ వెళ్లనేదు నేను.”

మా ఆయన గుమ్మంలో నిలబడి గుండ్రాయి అన్న మాట విన్నాడు. నవ్వలేదు. లోపలికి వెళ్లి నా స్కూటీ తాళాలు తెచ్చి చేతిలో పెట్టాడు.

నాన్న పళ్లేన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. హైవే మీద లారీ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా పళ్లెం నా వీపుకి తగిలేది. దారిలో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, ఆపరేషన్‌లో మత్తు ఇస్తారా అని. ఇస్తారన్నాను.

పిన్ని గేటు దగ్గర మమ్మల్ని చూసి కొంగు సర్దుకుని లోపలికి పరిగెత్తింది. వెంటనే చెంబుతో నీళ్లు తెచ్చి వరండా మెట్టు మీద పెట్టింది. నాన్న ఆ ఇంటి ముందు మొదటిసారి చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వరండాలోకి అడుగు పెట్టాడు. చిన్నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. నాన్న కూర్చోమన్నట్టు చేయి ఊపాడు. 

ఇంకెవరైనా అయితే అక్కడ ఏదో ఒకటి మాట్లాడి ఉండేవారు. నేను డ్రాయింగ్ టీచర్‌ని, నాకు తెలిసింది భంగిమ పెట్టడం. బళ్లో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడాను. “నాన్నా, చొక్కా తీసేయి. ఎడమ మోకాలు నేలకి ఆన్చు. చిన్నాన్నా, నువ్వు వెనక్కి ఆనుకో. స్టూలు తీసేస్తున్నాను.” నాన్న పళ్లెం విప్పి పాదం కింద పెట్టాడు. పుండుకి తడి తగలకూడదు కాబట్టి నీళ్లు లేవు. ఖాళీ పళ్లెం ఎండకి మెరిసింది.

చిన్నాన్న మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. సిగ్గో, భయమో. నాన్న రెండు చేతులూ చాచి, ఒక చేయి మడమ కింద, ఒకటి కట్టు మీద పెట్టి, పాదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. కట్టు వైపే చూస్తూ ఉండిపోయాడు, ఒకప్పుడు వేలు ఉన్న చోట చదునుగా ఉన్న కట్టుని. నేను గీయడం మొదలుపెట్టాను. చేతుల మీద పొంగిన నరాలు, మడమ కిందికి వెళ్లిన నాన్న బొటనవేలు. నేను గీసిన చేతుల్లో అంత త్వరగా, అంత నల్లగా వచ్చినవి అవే. ఎంతసేపు గడిచిందో తెలియదు, పాదం దాదాపు పూర్తయింది.

చిన్నాన్న రోడ్డు వైపు చూస్తూనే, నెమ్మదిగా నన్ను అడిగాడు: “ఇంకా పట్టుకోనేదేటమ్మా?”

గుమ్మంలో పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా చేతిలో బొగ్గు ఆగిపోయింది.

“పట్టుకున్నాడు చిన్నాన్నా. ఎప్పుడో పట్టుకున్నాడు.”

నాన్న తల ఎత్తి తమ్ముడి మొహంలోకి చూశాడు. స్పర్శ లేదని నేను చెప్పే ఉన్నాను. కాని వినడం వేరు. ఆయన చేతులు పాదాన్ని వదిలి చీలమండ దగ్గరికి వెళ్లాయి, చుట్టూ పట్టుకుని నొక్కాయి.

“ఇక్కడ?” అన్నాడు.

చిన్నాన్న తల తిప్పి కిందికి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. “నేదు.”

చేతులు ఇంకాస్త పైకి వెళ్లాయి. “ఇక్కడ?”

“నేదు అన్నియ్యా.”

ఇంకా పైకి. పిక్క మధ్య దాటి, మోకాలి కిందికి. “ఇక్కడో?”

చిన్నాన్న కళ్లు మూసుకున్నాడు. “ఆ,” అన్నాడు. “అక్కడ తెలుస్తంది. నీ సెయ్యి వేడిగున్నాది.”

నాన్న ఆ చోటు వదల్లేదు. నేను గీసిన చేతుల్ని, బొగ్గు తుడవడానికి ఉంచుకునే రొట్టెముక్కతో చెరిపి చీలమండ దగ్గర గీశాను, మళ్లీ చెరిపి పైన గీశాను. బొగ్గు ఎంత రుద్దినా పూర్తిగా పోదు. కళ్లు సరిగ్గా కనపడక ఒకటి రెండు గీతలు ఎటో వెళ్లిపోయాయి. వాటిని దిద్దలేదు. వాళ్లు ఆ తర్వాత మాట్లాడుకున్నది చాలా మామూలు సంగతులు. మత్తు ఇస్తారట. ఇస్తారు. హాస్పిటల్లో రాత్రి ఎవరు ఉంటారు. మీ మరదలు ఉంటాది. నేనూ ఉంటాను. పిండం సంగతి ఎవరూ ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తలేదు. నాన్న ఈ విషయంలో మారాడని నేను అనుకోను. చిన్నాన్న కూడా మారలేదు.

ఆపరేషన్ అయింది. డాక్టరు మోకాలి కింద తీశాడు. చిన్నాన్నకి జ్వరాలు వచ్చాయి, కోలుకోవడానికి అనుకున్న దానికన్నా చాలా కాలం పట్టింది. నాన్న మాటిమాటికీ లోకల్ ట్రైను ఎక్కి వెళ్లి వచ్చేవాడు. ఆ మధ్యకాలంలో నేను కాన్వాసు పూర్తిచేశాను. శిష్యులకి బనీన్లు పోయి అంగీలు వచ్చాయి. ప్రభువు మొహం ఎవరిదీ కాదు, కాని వీపు, భుజం, చేతులు నాన్నవే. పళ్లెం మాత్రం మార్చబుద్ధి కాలేదు.

హాల్లో బొమ్మ పెట్టిన రోజున పాస్టరుగారు చాలాసేపు చూశారు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు కన్నా హిందీ తేలిగ్గా వస్తుంది.

“బహుత్ అచ్ఛా దీదీ,” అన్నారు. “ఒక్క డౌటు. పాదాలు కడగడం కదా, ప్రభువు ఏటి అంత పైన పట్టుకున్నాడు? కొంచెం కిందికి చేయొచ్చా?”

నేను నోరు తెరిచేలోపే పిన్ని అంది: “ఉండనీండి అయ్యగారూ. కింద పట్టుకుంటే తెలీదు.”

ఆయన పిన్ని మొహం చూశారు, గోడ పక్కన చక్రాల కుర్చీలో ఉన్న చిన్నాన్నని చూశారు, ఇక అడగలేదు. నాన్న హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, తమ్ముడి కుర్చీ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీల మీద మిగతా శిష్యులు కూడా ఉన్నారు, ఇస్త్రీ చొక్కాల్లో. క్రేన్ పెద్దాయన తన మొహం వేలుపెట్టి కోడలికి చూపించుకుంటున్నాడు.

నేను ఆ రోజు గోధుమరంగు కాగితం కూడా చుట్టి తీసుకెళ్లాను. బొమ్మ చర్చిది, డ్రాయింగు చిన్నాన్నది. అందరూ టీకి లేచాక విప్పి ఆయన ఒళ్లో పరిచాను. చిన్నాన్న ముందు పైన ఉన్న చేతుల్ని చూశాడు, తెలుసన్నట్టు తల ఊపాడు. తర్వాత కళ్లు కిందికి దిగాయి. చీలమండ చుట్టూ చెరిపేసిన చేతులు. ఇంకా కింద, చెరిపినా నల్లగా నిలిచిపోయిన రెండు చేతులు, పాదాన్ని ఎత్తి పట్టుకుని.

“ఇక్కడ కూడా పట్టుకున్నాడా?” అన్నాడు.

“ముందు అక్కడే పట్టుకున్నాడు చిన్నాన్నా. చాలాసేపు.”

“నువ్వు సెప్పినావు గాని,” అన్నాడు. 

డ్రాయింగు పూర్తికాగానే బొగ్గు చెదరకుండా మందు కొడతాను ఎప్పుడూ. దీనికి ఎందుకో కొట్టలేదు. చిన్నాన్న అరచేయి తెరిచి, ఇప్పుడు లేని పాదం మీద, దాన్ని పట్టుకున్న నాన్న చేతుల మీద, మెల్లగా ఆన్చాడు. ఆ చేతిని తీసి రెండు కళ్లకీ అద్దుకున్నాడు. రెప్పల మీద, కనుబొమల మీద, చెంపల మీద నల్లగా మసి అంటుకుంది.

“అయ్యో, మొకమంతా బొగ్గు,” అని పిన్ని తడిగుడ్డ కోసం లేచింది.

నాన్న అప్పటికే భుజం మీద తువ్వాలు తీశాడు. తమ్ముడి గడ్డం పట్టుకుని, మొహం తన వైపు తిప్పుకుని, కొసతో తుడవడం మొదలుపెట్టాడు.